ఫొటో రంగులు అన్ని కంప్యూటర్లలో, బ్రౌజర్లలో ఒకేలా కనిపించాలంటే: మానిటర్ నుంచి సర్వర్ దాకా చేయాల్సిన పని

ఎడిట్ చేస్తున్నప్పుడు నిండుగా కనిపించిన ఎరుపు, సైట్‌లోకి ఎక్కించగానే వెలిసిపోయినట్టు ఉంటుంది. అదే ఫొటో ఇంకొకరి మానిటర్ మీద కళ్లలో గుచ్చుకుంటుంది. ఫోన్‌లో చూస్తే మరో రకం. దీన్ని ఎలా సరిచేయాలని చాలామంది అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. కానీ ఇది ముక్కలుగా చెబితే కుదిరే పని కాదు. వరసలో ఒక్క మెట్టు తప్పినా మిగతా శ్రమంతా వృథా అవుతుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. చూసేవాళ్ల మానిటర్ మన చేతిలో లేదు. వాళ్లు బ్రైట్‌నెస్ ఎంత పెట్టుకున్నారో, రాత్రి పసుపు ఫిల్టర్ వేసుకున్నారో లేదో మనం శాసించలేం. మన చేతిలో ఉన్నది ఫైల్. అందులోని అంకెలకు ఎక్కడ తెరిచినా ఒకే అర్థం వచ్చేలా చూడగలం. ఆ ఒక్కటి పక్కాగా చేస్తే చాలా ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

1. ఎరుపు ఒకటే, అంకెలు మూడు రకాలు

పిక్సెల్‌లో నిజానికి రంగు ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత కలపాలో చెప్పే మూడు అంకెలు ఉంటాయి, అంతే. (255, 0, 0) అంటే ఎరుపు పూర్తిగా, మిగతావి సున్నా. కానీ ఏ ఎరుపు? అది చెప్పేది కలర్ స్పేస్. ఈ అంకెలు ఏ కలర్ స్పేస్‌వో ఫైల్‌తో పాటు మోసుకెళ్లే చీటీయే ఐసీసీ ప్రొఫైల్.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఎస్‌ఆర్‌జీబీ అంటే వెబ్‌లో మామూలుగా వాడే కలర్ స్పేస్. అడోబీ ఆర్‌జీబీ 1998, డిస్‌ప్లే పీ3 అంతకంటే ఎక్కువ రంగులు పట్టేవి. ఎస్‌ఆర్‌జీబీలో (255, 0, 0) అనే ఎరుపును అడోబీ ఆర్‌జీబీ 1998లో రాస్తే (219, 0, 0) అవుతుంది. డిస్‌ప్లే పీ3లో రాస్తే (234, 51, 35) అవుతుంది. మూడింటిదీ కంటికి ఒకే ఎరుపు. రాసుకున్న లెక్క మాత్రమే వేరు.

ఇప్పుడు ఆ చీటీ చించేయండి. ప్రొఫైల్ లేని ఫైల్ చేతికొస్తే చాలా బ్రౌజర్లు దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుంటాయి. అప్పుడు (219, 0, 0) కాస్త నల్లబడిన ఎరుపుగా, (234, 51, 35) ఇటుక రంగు వైపు జారిన ఎరుపుగా కనిపిస్తాయి. "వెలిసిపోయింది" అన్న ఫిర్యాదు ఇక్కడిదే.

రెండో ఫిర్యాదు దీనికి తలకిందులు. ఎస్‌ఆర్‌జీబీ (255, 0, 0)ని ఎవరూ అనువదించకుండా, అంటే ఆ మానిటర్ లెక్కలోకి మార్చకుండా, నేరుగా విస్తృత గామట్ మానిటర్‌కి (మామూలు వాటికంటే గాఢమైన రంగులు చూపగలదానికి) పంపితే, ఆ మానిటర్ తన దగ్గరున్న అతి గాఢమైన ఎరుపును వెలిగిస్తుంది. అందుకే కళ్లలో గుచ్చుకుంటుంది. కింద చెప్పే పనులన్నీ ఈ రెండు ప్రమాదాలను ఆపడానికే.

2. ముందు మీ మానిటర్ సంగతి చూడండి

మీ మానిటరే తప్పు చూపిస్తుంటే, మీరు ఫొటోలో చేసే ప్రతి దిద్దుబాటూ తప్పే అవుతుంది. మానిటర్ నీలంగా ఉంటే మీకు తెలియకుండానే ఫొటోకి పసుపు కలుపుతారు. ఆ పసుపు ఫైల్‌లోకి ఎక్కి అందరికీ కనిపిస్తుంది.

ముందు ఇవి ఆపేయండి:

☐ నైట్ లైట్, నైట్ షిఫ్ట్ లాంటి రాత్రి ఫిల్టర్లు
☐ ట్రూ టోన్ (గది వెలుతురును బట్టి ఆపిల్ తెర రంగు మార్చే సెట్టింగ్)
☐ ఆటో బ్రైట్‌నెస్
☐ మానిటర్ మెనూలోని డైనమిక్ కాంట్రాస్ట్, వివిడ్, గేమ్, సినిమా మోడ్‌లు
☐ విండోస్‌లో హెచ్‌డీఆర్ మోడ్
☐ గ్రాఫిక్స్ కార్డ్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల గాఢత పెంచే సెట్టింగ్‌లు

మానిటర్ వెలిగించి అరగంట అయ్యాకే రంగుల పని మొదలుపెట్టండి. గదిలో రంగు బల్బులు, స్క్రీన్ మీద పడే ఎండ ఉండకూడదు. డెస్క్‌టాప్ వాల్‌పేపర్ బూడిద రంగుది పెట్టుకోండి. ముదురు రంగు బొమ్మ పక్కనే ఉంటే కన్ను మోసపోతుంది.

తరవాత క్యాలిబ్రేషన్, అంటే మానిటర్ రంగులను కొలిచి సరిచేయడం. కొలత పరికరం, అంటే కలరీమీటర్ ఉంటే ఈ లక్ష్యాలు పెట్టుకోండి: వైట్ పాయింట్ (తెలుపు ఏ ఛాయలో ఉండాలో) డీ65 (సుమారు 6500 కెల్విన్), గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.2, వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాలు. పని పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్ ఆ మానిటర్‌కి ఒక ప్రొఫైల్ తయారుచేసి సిస్టమ్‌లో పెడుతుంది. నెలకోసారి మళ్లీ కొలవండి, ఎందుకంటే మానిటర్ రంగులు కాలం గడిచేకొద్దీ మెల్లగా జరుగుతాయి.

పరికరం లేకపోతే? విండోస్‌లో, మ్యాక్‌లో కంటితో చేసే క్యాలిబ్రేషన్ ఉంది. వెలుగు, గామా వరకు అది పనికొస్తుంది. రంగుల స్లైడర్లను మాత్రం కంటి అంచనాతో కదపొద్దని నా గట్టి సలహా. కన్ను నిమిషాల్లోనే ఏ తెలుపుకైనా అలవాటు పడిపోతుంది. దానికంటే మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే అది పెట్టుకుని వదిలేయడం మేలు.

ల్యాప్‌టాప్‌లో పాతకాలపు టీఎన్ ప్యానెల్ ఉంటే తల కాస్త పైకీ కిందికీ కదిపితే చాలు, రంగు మారిపోతుంది. అలాంటి తెర మీద రంగుల తుది నిర్ణయం తీసుకోవద్దు.

3. సిస్టమ్‌లో ఏ మానిటర్ ప్రొఫైల్ ఉందో చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. బ్రౌజర్ అనువాదం చేయాలంటే రెండు చీటీలు కావాలి: ఫైల్‌ది ఒకటి, మానిటర్‌ది ఒకటి. రెండోది తప్పుగా ఉంటే మొదటిది ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

విండోస్‌లో స్టార్ట్ మెనూలో "కలర్ మేనేజ్‌మెంట్" అని వెతికి తెరవండి. డివైసెస్ ట్యాబ్‌లో మీ మానిటర్ ఎంచుకుని, "యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్" దగ్గర టిక్ పెట్టి, డిఫాల్ట్ ప్రొఫైల్ ఏముందో చూడండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్‌లో కలర్ ప్రొఫైల్ కనిపిస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, విస్తృత గామట్ మానిటర్‌కి ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ తగిలించడం. సిస్టమ్ దాన్ని మామూలు మానిటర్ అనుకుంటుంది, రంగులన్నీ పొంగిపోతాయి. అలాంటప్పుడు మానిటర్‌నే ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లోకి మార్చాలి, లేదా దాని అసలు ప్రొఫైల్ పెట్టాలి.

రెండోది, మానిటర్ డ్రైవర్‌తో పాటు వచ్చిన లోపమున్న ప్రొఫైల్. ఫొటో వ్యూయర్‌లో తెల్ల కాగితం కూడా పసుపుగా కనిపిస్తుంటే ముందు దీన్నే అనుమానించండి. ఆ ప్రొఫైల్ తీసేసి, మామూలు మానిటర్ అయితే ఎస్‌ఆర్‌జీబీ పెట్టి, వ్యూయర్ మూసి మళ్లీ తెరవండి.

4. ఎడిటర్‌ని ఒకసారి సరిగ్గా అమర్చుకోండి

ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూలోని కలర్ సెట్టింగ్స్ తెరవండి.

☐ ఆర్‌జీబీ వర్కింగ్ స్పేస్ (ఎడిటర్ మామూలుగా పనిచేసే కలర్ స్పేస్): ఎస్‌ఆర్‌జీబీ (వెబ్ కోసమే పనిచేసేవాళ్లకి)
☐ ఆర్‌జీబీ పాలసీ: ప్రిజర్వ్ ఎంబెడెడ్ ప్రొఫైల్స్
☐ ప్రొఫైల్ తేడా ఉన్నా, అసలు లేకపోయినా అడగమనే టిక్‌లు అన్నీ ఆన్

ఆ టిక్‌లు పెడితే ఫైల్ తెరిచినప్పుడల్లా ఒక పెట్టె అడ్డం వస్తుంది. విసుగనిపించినా ఉంచుకోండి. ఎక్కడో నుంచి వచ్చిన ఫైల్‌కి ప్రొఫైల్ లేదన్న సంగతి మొదట్లోనే తెలియడం ఎంతో మేలు.

మీ మానిటర్ ప్రొఫైల్‌ని వర్కింగ్ స్పేస్‌గా ఎప్పుడూ పెట్టొద్దు. మీ తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది, కానీ ఆ అంకెలకు మీ మానిటర్ దగ్గర తప్ప ఇంకెక్కడా అర్థం ఉండదు.

ప్రింట్ కోసం కూడా పనిచేసేవాళ్లు అడోబీ ఆర్‌జీబీలోనో ప్రోఫొటో ఆర్‌జీబీలోనో ఎడిట్ చేసుకోవచ్చు. ప్రోఫొటో అయితే తప్పకుండా 16 బిట్‌లో చేయండి. అంత పెద్ద స్పేస్‌లో 8 బిట్ సరిపోదు, ఆకాశంలాంటి నునుపైన చోట మెట్లు మెట్లుగా చారలు పడతాయి.

5. ఫైల్ ఏ చీటీతో వచ్చిందో తెలుసుకోండి

ఫొటోషాప్‌లో ఫైల్ పేరు పక్కన చిన్న గుర్తు ఉంటుంది. బిట్ సంఖ్య తరవాత # ఉంటే ప్రొఫైల్ లేదు. * ఉంటే మీ వర్కింగ్ స్పేస్ కాని వేరే ప్రొఫైల్ ఉంది. కింద స్టేటస్ పట్టీలో డాక్యుమెంట్ ప్రొఫైల్ ఎంచుకుంటే పేరుతో సహా కనిపిస్తుంది. మ్యాక్ ప్రివ్యూలో టూల్స్ మెనూలోని ఇన్‌స్పెక్టర్ చూపిస్తుంది. ఏ సిస్టమ్‌లోనైనా ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాధనం వివరంగా చెబుతుంది.

విండోస్ ప్రాపర్టీస్‌లో కనిపించే "ఎస్‌ఆర్‌జీబీ" మాటను నమ్మి ఆగిపోకండి. అది కెమెరా రాసిన ఎక్సిఫ్ సమాచారం. ఐసీసీ ప్రొఫైల్ వేరు.

ఎక్కడి నుంచి వచ్చిన ఫైల్‌లో ఏముంటుందో కాస్త అంచనా ఉంటే పని తేలిక:

- ఐఫోన్ 7 నుంచి వచ్చిన ఐఫోన్ కెమెరాలు డిస్‌ప్లే పీ3లో తీస్తాయి.
- కెమెరా ఫైల్ పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే, కెమెరా అడోబీ ఆర్‌జీబీలో పెట్టి ఉందని గుర్తు.
- మ్యాక్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌లో ఆ మానిటర్ ప్రొఫైల్ ఉంటుంది. ఎస్‌ఆర్‌జీబీ కాదు.
- ప్రింట్ డిజైనర్ దగ్గర నుంచి వచ్చిన జేపెగ్ సీఎంవైకే (ప్రింట్ సిరాల లెక్కలో రాసినది) కావచ్చు. అది వెబ్‌కి పనికిరాదు, తప్పనిసరిగా మార్చాలి.

6. కన్వర్ట్ చేయాలి, అసైన్ చేయకూడదు

ఈ మొత్తం పనిలో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి.

ఎడిట్ మెనూలో రెండు ఆదేశాలు పక్కపక్కనే ఉంటాయి: అసైన్ ప్రొఫైల్, కన్వర్ట్ టు ప్రొఫైల్. కన్వర్ట్ చేస్తే అంకెలు మారతాయి, రంగు మారదు. అసైన్ చేస్తే అంకెలు మారవు, రంగు మారుతుంది.

కొలతలతో పోల్చి చూడండి. 12 అంగుళాలు అని రాసి ఉన్నదాన్ని 30.48 సెంటీమీటర్లు అని మార్చి రాయడం కన్వర్ట్. గుడ్డ పొడవు అంతే ఉంది. 12 అలాగే ఉంచి, పక్కన "అంగుళాలు" కొట్టేసి "సెంటీమీటర్లు" అని రాయడం అసైన్. గుడ్డ పాడైపోయింది.

కాబట్టి డిస్‌ప్లే పీ3, అడోబీ ఆర్‌జీబీ, సీఎంవైకే ఏదైనా సరే, వెబ్‌కి వెళ్లే ముందు ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయండి. అసైన్‌తో పని ఒకే ఒక్క చోట ఉంది: ఫైల్‌కి ప్రొఫైల్ లేదు, అది ఏ స్పేస్‌దో మీకు వేరే ఆధారంతో తెలుసు. అప్పుడు ముందు సరైనది అసైన్ చేసి, ఆ తరవాత ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయాలి. ఏ స్పేస్‌దో తెలియకపోతే ముందు ఎస్‌ఆర్‌జీబీ అసైన్ చేసి చూడండి, తరవాత అడోబీ ఆర్‌జీబీ. చర్మం రంగు, గడ్డి సహజంగా కనిపించేది ఏదో అదే సరైనది అయ్యే అవకాశం ఎక్కువ.

కన్వర్ట్ పెట్టెలో రెలటివ్ కలరీమెట్రిక్ ఎంచుకుని, బ్లాక్ పాయింట్ కంపెన్సేషన్ ఆన్‌లో ఉంచండి. పర్‌సెప్చువల్ ఎంచుకున్నా మామూలు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌తో తేడా రాదు. ఆ ప్రొఫైల్‌లో దానికి కావలసిన పట్టికే ఉండదు.

గింప్‌లో ఇమేజ్ మెనూ కింద కలర్ మేనేజ్‌మెంట్‌లో ఇవే రెండు ఆదేశాలు ఉన్నాయి. లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ దగ్గర ఎస్‌ఆర్‌జీబీ పెడితే కన్వర్ట్ దానంతట అదే జరుగుతుంది.

ఒక ఇబ్బంది మాత్రం తప్పదు. బాగా గాఢమైన పువ్వులు, నియాన్ దీపాలు, సముద్రపు నీలాకుపచ్చ లాంటివి ఎస్‌ఆర్‌జీబీలో పట్టవు. కన్వర్ట్ చేశాక ఎర్రపువ్వు రేకుల మీది ఈనెలు మాయమై ఒకే ఎర్రటి ముద్దలా కనిపించవచ్చు. అందుకే కన్వర్ట్‌కి ముందు సాఫ్ట్ ప్రూఫ్ (కన్వర్ట్ చేశాక ఎలా ఉంటుందో ముందే తెర మీద చూపేది) ఆన్ చేసి చూడండి. ఫొటోషాప్‌లో వ్యూ మెనూ, ప్రూఫ్ సెటప్, ఇంటర్నెట్ స్టాండర్డ్ ఆర్‌జీబీ. లైట్‌రూమ్ డెవలప్‌లో సాఫ్ట్ ప్రూఫింగ్ టిక్. ముద్ద అయిన చోట మాత్రమే గాఢత కాస్త తగ్గిస్తే ఈనెలు తిరిగి కనిపిస్తాయి. ఫొటో మొత్తానికి తగ్గించకండి.

7. ఎక్స్‌పోర్ట్: మాస్టర్ వేరు, వెబ్ కాపీ వేరు

వరస తప్పకుండా ఇలా చేయండి:

1. మాస్టర్ ఫైల్‌ని దాని అసలు స్పేస్‌లోనే, లేయర్లతో సహా సేవ్ చేయండి.
2. కాపీ తీసి, లేయర్లు కలిపేయండి.
3. ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయండి.
4. 16 బిట్ ఉంటే 8 బిట్‌కి మార్చండి.
5. కావలసిన సైజుకి తగ్గించి, షార్ప్ చేయండి.
6. ప్రొఫైల్‌ని ఫైల్‌లో పొదిగి సేవ్ చేయండి.

ఫొటోషాప్ ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో "కన్వర్ట్ టు ఎస్‌ఆర్‌జీబీ", "ఎంబెడ్ కలర్ ప్రొఫైల్" రెండూ టిక్ చేయాలి. ఒక్కటి చేసి రెండోది వదిలేస్తే సగం పనే. గింప్ జేపెగ్ ఎక్స్‌పోర్ట్‌లో "సేవ్ కలర్ ప్రొఫైల్" టిక్ చూడండి.

ప్రొఫైల్ పెడితే ఫైల్ బరువెక్కుతుందని కొందరు భయపడతారు. అందరూ వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ 3,144 బైట్లు. ఫొటోకి అదొక లెక్క కాదు. పేజీలో వందల కొద్దీ చిన్న థంబ్‌నెయిల్స్ ఉంటే మాత్రం ఆలోచించవచ్చు. అప్పుడు ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి ప్రొఫైల్ తీసేసినా పెద్ద నష్టం రాదు. ప్రొఫైల్ వెర్షన్ అడిగితే 2 వాడండి. వెర్షన్ 4ని అన్ని బ్రౌజర్లూ, అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే తీరుగా చదవవు.

జేపెగ్‌లో ఇంకో మెలిక ఉంది. నాణ్యత తగ్గించినప్పుడు రంగు సమాచారాన్ని కుదించి దాస్తారు. అప్పుడు ఎర్ర అక్షరాల అంచులు మసకబారి, ఎరుపే మారినట్టు అనిపిస్తుంది. ఫొటోషాప్ సేవ్ ఫర్ వెబ్‌లో నాణ్యత 51, అంతకు పైన పెడితే ఈ కుదింపు ఉండదు. లోగోలు, ఒకే రంగు పరిచిన బొమ్మలు అయితే జేపెగ్ జోలికే పోవద్దు, పీఎన్‌జీ వాడండి.

8. సర్వర్ దారిలో చీటీ రాలిపోకుండా

ఒకసారి ఒక సైట్‌వాళ్లకి ఎర్ర కుషన్ల ఫొటోలు దాదాపు 40 తయారుచేసి ఇచ్చాను. నా దగ్గర, వాళ్ల దగ్గర ఫైల్ తెరిస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. సైట్‌లో మాత్రం ఎరుపు చచ్చిపోయింది. రెండు రోజులు మానిటర్లనే అనుమానించాను. చివరికి పేజీ నుంచి ఒక ఫొటో డౌన్‌లోడ్ చేసి ప్రొఫైల్ చూస్తే, లేదు. ఫైళ్లను అడోబీ ఆర్‌జీబీలో, ప్రొఫైల్‌తో ఇచ్చాను. సైట్‌లోని బొమ్మలను తేలిక చేసే ప్లగిన్ ఆ ప్రొఫైల్‌ని చెత్త అనుకుని తీసేసింది. తప్పు నాది కూడా. ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి ఉంటే ప్రొఫైల్ పోయినా రంగు నిలబడేది.

అందుకే 6వ మెట్టు మీద అంత గట్టిగా చెప్పాను. పొదగడం ఒక్కటే చాలదు. కన్వర్ట్ చేయడం మొదటి రక్ష, పొదగడం రెండోది.

ప్రొఫైల్ ఎక్కువగా పోయే చోట్లు:

- పీహెచ్‌పీ జీడీ లైబ్రరీతో సైజు మార్చే సైట్లు. జీడీకి ఐసీసీ ప్రొఫైల్ తెలియదు, తిరిగి రాసేటప్పుడు వదిలేస్తుంది.
- మెటాడేటా (బొమ్మతో పాటు ఫైల్‌లో ఉండే అదనపు సమాచారం) మొత్తం తీసేయమనే ఆప్షన్‌తో నడిపే ఇమేజ్‌మ్యాజిక్, ఆప్టిమైజర్ సాధనాలు.
- బొమ్మలను వెబ్‌పీ ఫార్మాట్‌కి మార్చే సీవెబ్‌పీ సాధనం. అది ప్రత్యేకంగా అడిగితే తప్ప మెటాడేటాను కాపీ చేయదు.

సర్వర్ మీ చేతిలో ఉంటే వరస ఇలా మార్చండి: ముందు ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్, తరవాత సైజు తగ్గింపు, ఆ తరవాతే మెటాడేటా తీసేయడం. అప్పుడు కూడా ఐసీసీ ఒక్కటి ఉంచమని చెప్పండి. జనం ఫోన్ల నుంచి నేరుగా ఫొటోలు ఎక్కించే సైట్లకి ఇది మరీ ముఖ్యం. ఆ ఫొటోల్లో చాలా వరకు డిస్‌ప్లే పీ3వే ఉంటాయి.

9. బ్రౌజర్ల తీరు

క్రోమ్, ఎడ్జ్, సఫారీ ప్రొఫైల్ ఉన్న బొమ్మలను మానిటర్‌కి తగ్గట్టు అనువదిస్తాయి. లేనివాటిని ఎస్‌ఆర్‌జీబీగా తీసుకుంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇది ఒక సెట్టింగ్ మీద ఆధారపడుతుంది. అబౌట్:కాన్ఫిగ్ పేజీ తెరిచి కలర్ మేనేజ్‌మెంట్ వరసల్లో చివర "మోడ్" అని ఉన్నది చూడండి. విలువ 2 అంటే ప్రొఫైల్ ఉన్న బొమ్మలకే అనువాదం. 1 అంటే లేనివాటినీ ఎస్‌ఆర్‌జీబీగా భావించి అన్నిటికీ అనువాదం. 0 అంటే ఏదీ లేదు.

మీ బ్రౌజర్‌లో 1 పెట్టుకోవడం మంచిదే. కానీ మీ పేజీ చూసేవాళ్లు పెట్టుకోరు. అందుకే ఫొటోల్లో ప్రొఫైల్ పొదగమనేది.

క్రోమ్ ఫ్లాగ్స్ పేజీలో "ఫోర్స్ కలర్ ప్రొఫైల్" అని ఒకటుంది. ఎప్పుడో పరీక్ష కోసం మార్చి మరచిపోతే నెలల తరబడి తప్పు రంగులు చూస్తూ ఉంటారు. అది డిఫాల్ట్‌లో ఉందని నిర్ధారించుకోండి.

10. పేజీ రంగుకీ బొమ్మ అంచుకీ అతుకు కనిపిస్తుంటే

పేజీ నేపథ్యం #336699, అంటే (51, 102, 153). పైన పెట్టిన బొమ్మ అంచు కూడా అదే రంగుతో గీశారు. అయినా సన్నటి గీతలా తేడా కనిపిస్తోంది. కారణాలు వరసగా చూడండి.

బొమ్మ జేపెగ్ అయితే కుదింపులో అది (50, 102, 154) అయి ఉండవచ్చు. తేడా ఒక్క అంకే అయినా, విశాలంగా పరిచిన ఒకే రంగు పక్కన కన్ను పట్టేస్తుంది. పీఎన్‌జీకి మార్చండి.

పీఎన్‌జీ అయినా గీత ఉంటే, ఫైల్‌లో గామా సమాచారం దాగి ఉండవచ్చు. కొన్ని ఎడిటర్లు అడగకుండానే రాస్తాయి. బ్రౌజర్ దాన్ని చదివి బొమ్మను కాస్త మారుస్తుంది, పేజీ రంగును మాత్రం మార్చదు. పీఎన్‌జీక్రష్ లాంటి సాధనంతో ఆ గామా ముక్కను తీసేయండి.

ఇక మూడోది: బొమ్మకు ప్రొఫైల్ ఉంది, దానికి అనువాదం జరుగుతోంది, సీఎస్‌ఎస్ కోడ్‌లో రాసిన పేజీ రంగుకు జరగడం లేదు. ఇక్కడ మాత్రం నా నియమానికి నేనే మినహాయింపు ఇస్తాను. పేజీ రంగుతో కలిసిపోవాల్సిన బొమ్మలను ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ లేకుండా సేవ్ చేయండి. రెండూ ఒకే దారిలో వెళతాయి కాబట్టి తేడా వచ్చినా రెండింటికీ ఒకేలా వస్తుంది.

అన్నిటికంటే నికరమైన పద్ధతి, ఆ నేపథ్యాన్నే బొమ్మలోంచి తీసేసి పారదర్శక పీఎన్‌జీ పెట్టడం. అప్పుడు కలపాల్సిన రంగే ఉండదు.

11. నాలుగు ఫైళ్లతో పరీక్ష

గాఢమైన ఎరుపు, ఆకుపచ్చ ఉన్న ఒక ఫొటో తీసుకుని నాలుగు కాపీలు చేయండి:

☐ క: ఎస్‌ఆర్‌జీబీ, ప్రొఫైల్‌తో
☐ చ: ఎస్‌ఆర్‌జీబీ, ప్రొఫైల్ లేకుండా
☐ ట: అడోబీ ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్‌తో
☐ త: అడోబీ ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ లేకుండా

నాలుగింటినీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి ప్రతి బ్రౌజర్‌లో చూడండి. క, చ, ట ఒకేలా ఉండి, త ఒక్కటే వెలిసినట్టు ఉంటే బ్రౌజర్ సరిగ్గా పనిచేస్తోంది. క, ట ఒకేలా ఉండి చ మరీ గాఢంగా ఉంటే, ప్రొఫైల్ ఉన్నవాటినే అనువదిస్తోంది. ట, త రెండూ ఒకేలా వెలిసి ఉంటే, ప్రొఫైల్‌ని పట్టించుకోవడం లేదు. సైట్‌లోకి ఎక్కించాక కూడా అలాగే అయితే, దారిలో ఎవరో తీసేశారు.

తరవాత ఈ పని తప్పకుండా చేయండి: లైవ్ పేజీలో కనిపిస్తున్న ఫొటోనే డౌన్‌లోడ్ చేసి, దాని ప్రొఫైల్ చూడండి. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ చూసి లాభం లేదు. జనానికి చేరేది అది కాదు.

స్క్రీన్‌షాట్ తీసి కలర్ పికర్‌తో అంకెలు కొలిచేటప్పుడు జాగ్రత్త. ఆ అంకెలు మానిటర్‌కి అనువాదమయ్యాక వచ్చినవి, ఫైల్‌లోవి కావు. మ్యాక్ డిజిటల్ కలర్ మీటర్‌లో అయితే "డిస్‌ప్లే ఇన్ ఎస్‌ఆర్‌జీబీ" ఎంచుకుని కొలవండి. రెండు మానిటర్లు ఉంటే పరీక్ష అంతా ప్రధాన మానిటర్ మీదే చేయండి.

12. లక్షణాన్ని బట్టి కారణం

- ఎడిటర్‌లో బాగుంది, అన్ని బ్రౌజర్లలో వెలిసింది: ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయలేదు, ప్రొఫైల్ పోయింది.
- ఒక్క బ్రౌజర్‌లోనే గాఢంగా ఉంది: ఫైల్‌కి ప్రొఫైల్ లేదు, మానిటర్ విస్తృత గామట్‌ది.
- అన్ని సాఫ్ట్‌వేర్లలో, అన్ని ఫొటోలూ గాఢంగా ఉన్నాయి: మానిటర్ ప్రొఫైల్ తప్పు, లేదా వివిడ్ మోడ్ ఆన్‌లో ఉంది.
- రంగులు తలకిందులయ్యాయి, లేదా బొమ్మే రాలేదు: సీఎంవైకే జేపెగ్.
- అసలు ఫొటో సరిగ్గా ఉంది, థంబ్‌నెయిల్ తేడాగా ఉంది: సర్వర్ సైజు మార్చేటప్పుడు ప్రొఫైల్ తీసేస్తోంది.
- సాయంత్రం కాగానే పసుపు: రాత్రి ఫిల్టర్.

అన్నీ సరిచూసుకున్నాక కూడా ఎవరో ఒకరు "మా దగ్గర రంగు వేరుగా ఉంది" అంటారు. వెంటనే ఫైల్ మార్చడానికి పూనుకోకండి. ముందు ఈ మూడు అడగండి: ఇదే పేజీ మీ ఫోన్‌లో ఎలా ఉంది? రాత్రి ఫిల్టర్ ఆన్‌లో ఉందా? ఇతర సైట్లలో ఫొటోలు కూడా అలాగే ఉన్నాయా? మూడో ప్రశ్నకు అవునంటే, వాళ్లకి 2, 3 మెట్లు పంపండి. కాదంటే పేజీలోని ఫైల్‌ని మరోసారి డౌన్‌లోడ్ చేసి ప్రొఫైల్ చూడండి. ప్లగిన్ అప్‌డేట్ అయి ప్రొఫైల్‌ని మళ్లీ తీసేస్తూ ఉండవచ్చు.